డబ్బిచ్చి కొనుక్కున్న రోహిణి కార్తె

పోయిన చలికాలం రెండు నెలలపాటు షికాగో దగ్గర నేపర్‌విల్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. బయట సున్నాకు పదిహేను డిగ్రీలు కింద. కూచిపూడిలో తెల్లవారుజామున కాలువ గట్టు వెంబడి నాలుగు కిలోమీటర్లు నడవనిదే కాఫీ ముట్టని మనిషిని, అక్కడ కిటికీ దగ్గర కూర్చుని మంచు పడటం చూస్తూ పది రోజులు గడిపేసరికి మోకాళ్ళు బిగుసుకుపోయాయి. కుర్చీలోంచి లేచేటప్పుడల్లా నోట్లోంచి ‘రామా’ అన్న మాట వస్తున్నదని మనవరాలు లెక్కపెట్టి మరీ చెప్పింది.

“నాన్నా, ఇక్కడ వేడి గదిలో యోగా నేర్పుతారు. మొదటి తరగతి ఉచితం. ఒకసారి వెళ్ళి చూడు” అన్నది మా అమ్మాయి.

వేడి గదిలో యోగా! నేను గుంటూరు వైద్య కళాశాలలో చదువుకుని, ఉద్యోగమంతా కృష్ణా, గుంటూరు జిల్లాల ప్రభుత్వాసుపత్రులలో చేసి 2009లో పదవీ విరమణ చేసినవాణ్ణి. ప్రతి మే నెలలోనూ వేడి నుంచి మనుషులను ఎట్లా తప్పించాలన్నదే మా పని. అటువంటి వాణ్ణి డబ్బు కట్టి వేడిలోకి వెళ్ళమంటున్నది. నవ్వు వచ్చింది. కానీ మోకాళ్ళు నవ్వనివ్వలేదు. ఆ రెండు నెలల్లో మొత్తం మూడు స్టూడియోలకు వెళ్ళాను. అక్కడ చూసింది, అక్కడ నేను చేసిన ఒక తెలివితక్కువ పని, దానివల్ల గుర్తుకు వచ్చిన ఒక పాత సంగతి ఈ వ్యాసంలో వ్రాస్తున్నాను.

మొదటి స్టూడియో ఒక అంగడి వీధిలో, పక్కన బట్టల దుకాణం, ఇంకో పక్క కాఫీ కొట్టు. గది పైకప్పుకు పలకల్లాంటి హీటర్లు బిగించి ఉన్నాయి. పరారుణ కిరణాలతో వేడి పుట్టించే ఏర్పాటు. ముప్పై నాలుగు, ముప్పై ఐదు డిగ్రీలుంటుందేమో, పొడి వేడి. మార్చి నెలాఖరులో బెజవాడ బస్టాండులో పదకొండు గంటలకు దిగినట్లుంది. ఆసనాలు సులభమైనవి, నెమ్మదిగా చేయించారు. గంట గడిచేసరికి నడుము, మోకాళ్ళు నూనె వేసిన కీళ్ళలా వదులయ్యాయి. శవాసనంలో పడుకుని, బయట మంచు తవ్వే యంత్రం చప్పుడు వింటూ, హాయిగా ఒక కునుకు కూడా తీశాను. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. వేడికి కండరాలు, స్నాయువులు సాగుతాయి, నొప్పి తగ్గుతుంది. మన పెద్దవాళ్ళు వేపాకు నీళ్ళ కాపడం పెట్టడంలో ఉన్న సూత్రం ఇదే. అయితే ఆ సాగడంలోనే ఒక మోసమూ ఉంది. వెచ్చగా ఉన్నప్పుడు ఎంతవరకు వంగవచ్చో శరీరం సరిగ్గా చెప్పదు. ఆనాటి హాయి మర్నాడు తొడ వెనుక నరం లాగినట్లు తేలింది. మా ఆవిడ ఏమీ అనలేదు, జండూబామ్ సీసా మాత్రం బల్ల మీద పెట్టి వెళ్ళింది.

ఈ వేడి యోగా మన ప్రాచీన సంప్రదాయమని అక్కడ చాలామంది నమ్మకం. ఎంత ప్రాచీనమో చూద్దామని కొంత చదివాను. దీన్ని ప్రపంచమంతా వ్యాపింపజేసిన వ్యక్తి 1944లో కలకత్తాలో పుట్టిన బిక్రమ్ చౌదరి. ఆయన గురువు విష్ణుచరణ ఘోష్, పరమహంస యోగానందకు స్వయానా తమ్ముడు. బిక్రమ్ 1970లలో అమెరికా చేరి, ఇరవై ఆరు ఆసనాలు, రెండు శ్వాస ప్రక్రియలు ఒక వరుసలో పేర్చి, తొంభై నిమిషాలు, 105 డిగ్రీల ఫారన్‌హీట్ వేడిలో, నలభై శాతం తేమలో చేయించాడు. అంతకుముందు జపానులో చలికి తట్టుకోలేక గదిలో హీటర్లు పెట్టించడంతో ఇది మొదలైందని చెబుతారు. ఆ వరుస తన సొంతమని, దాని మీద కాపీహక్కు ఉందని ఆయన కోర్టుకెక్కితే, ఆసనాల వరుసకు కాపీహక్కు ఉండదని అక్కడి అప్పీలు న్యాయస్థానం 2015లో తీర్పు చెప్పింది. ఆ తరువాత వేధింపుల దావాలలో చిక్కుకుని ఆయన అమెరికా వదిలి వెళ్ళిపోయాడు. చాలా స్టూడియోలు ఆయన పేరు తుడిచేసి ‘హాట్ యోగా’ అని బోర్డు మార్చుకున్నాయి. అంటే దీని వయసు యాభై ఏళ్ళు, నాకంటే చిన్నది. హఠయోగ ప్రదీపిక తిరగేస్తే, సాధన మొదలుపెట్టిన రోజుల్లో నిప్పు దగ్గర కూర్చోవడం, ప్రయాణాలు చేయడం మానుకోమని ఉంది. నేను సముద్రాలు దాటి ప్రయాణం చేసి వచ్చి మరీ నిప్పు దగ్గర కూర్చున్నాను.

రెండవ స్టూడియో షికాగో నగరంలోపల. అక్కడ పాత పద్ధతి: 105 డిగ్రీలు, తేమ, తొంభై నిమిషాలు, గోడ పొడుగునా అద్దాలు. తలుపు తీయగానే మొహానికి కొట్టింది ఆవిరి. అది మాత్రం అచ్చంగా మన రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలో, సముద్రపు గాలి తిరగక ఉక్కబోసే మధ్యాహ్నం మూడు గంటల వేళ మొవ్వ రోడ్డు మీద నిలబడినట్లుంది. ముప్పై మంది ఉన్నారు, ఎక్కువమంది పాతికేళ్ళ లోపువాళ్ళు. కళ్ళు తిరిగినట్లనిపిస్తే అక్కడే కూర్చోండి గాని గది వదిలి వెళ్ళవద్దని గురువుగారు ముందే చెప్పారు. వైద్యుడిగా నాకు ఈ నియమం నచ్చలేదు. వేడి వల్ల ఇబ్బంది పడిన మనిషికి మొదటి చికిత్స వేడిలోంచి బయటికి తీసుకురావడమే.

నాకున్న చాదస్తం కొద్దీ, వెళ్ళేముందు, వచ్చాక బరువు చూసుకున్నాను. తొంభై నిమిషాలలో ఒక కిలో నూటయాభై గ్రాములు తగ్గింది, మధ్యలో అర లీటరు నీళ్ళు తాగినా. పక్క చాప మీది అబ్బాయి “చూశారా అంకుల్, ఎంత కొవ్వు కరిగిందో!” అన్నాడు. అది కొవ్వు కాదు నాయనా, నీళ్ళు. ఇంటికి వెళ్ళి మజ్జిగ తాగితే తిరిగి వస్తుంది. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో కొలిచి చూస్తే ఈ తొంభై నిమిషాలకు మగవాళ్ళకు సగటున 460 క్యాలరీలు, ఆడవాళ్ళకు 330 ఖర్చయ్యాయట. చురుగ్గా నడిచినా దాదాపు అంతే. గుండె దడదడలాడటం, చెమట ధారలు కట్టడం చూసి ఎంతో వ్యాయామం చేశామనుకుంటాం. ఆ దడలో చాలా భాగం కండరాల పని వల్ల వచ్చింది కాదు, చర్మానికి రక్తాన్ని పంపి ఒళ్ళు చల్లబరచడానికి గుండె పడే పాట్లు.

ఇక్కడ కొంచెం శరీరధర్మ శాస్త్రం చెప్పక తప్పదు. చుట్టూ గాలి చర్మం కంటే చల్లగా ఉన్నంతసేపు ఒంట్లోని వేడి గాలిలోకి పోతుంది. గాలి ముప్పై ఐదు డిగ్రీలు దాటిందంటే వ్యవహారం తిరగబడుతుంది, బయటి వేడే లోపలికి వస్తుంది. అప్పుడు మనకు మిగిలే ఆయుధం ఒక్కటే, చెమట. చెమట కారితే చాలదు, ఆరాలి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోక్యాలరీల వేడిని పట్టుకుపోతుంది. చాప మీదికి బొట్లు బొట్లుగా కారిపోయిన చెమట వల్ల ఒంట్లో నీరూ ఉప్పూ పోవడమే తప్ప చల్లదనం రాదు. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు.

మా శరీరధర్మ శాస్త్రం మేష్టారు దీనికొక కథ చెప్పేవారు. 1775 ప్రాంతంలో లండన్‌లో ఛార్లెస్ బ్లాగ్డెన్ అనే వైద్యుడు, స్నేహితులతో కలిసి, నీళ్ళు మరిగే వేడి కంటే ఎక్కువగా, 260 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా కాచిన గదిలోకి వెళ్ళి కొన్ని నిమిషాలు నిలబడ్డాడు. తనతో పాటు కోడిగుడ్లు, మాంసం ముక్క పెట్టుకుని వెళ్ళాడు. ఒక కుక్కను కూడా, కాళ్ళు కాలకుండా బుట్టలో పెట్టి తీసుకువెళ్ళాడు. గుడ్లు ఉడికాయి, మాంసం ఉడికింది, బ్లాగ్డెన్, కుక్క ఏమీ కాకుండా బయటికి వచ్చారు. గాలి పొడిగా ఉంది కాబట్టి అతని చెమట ఎప్పటికప్పుడు ఆరిపోయింది. అదే గదిలో తేమ ఉండి ఉంటే గుడ్ల సంగతే అతనికీ పట్టేది. ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ‘ఈ రోజు 38 డిగ్రీలేగా’ అని ధైర్యపడే వాళ్ళకు ఈ కథ చెబుతుంటాను. కోస్తాలో ఉక్కబోసే 38, అనంతపురంలోని పొడి 42 కంటే ఒక్కోసారి ప్రమాదం.

వ్యాయామ శాస్త్రజ్ఞులు ఈ తరగతులలోనే పరీక్షలు చేశారు. విస్కాన్సిన్‌లో 2015లో ఇరవై మంది చేత ఉష్ణోగ్రత కొలిచే మాత్ర మింగించి బిక్రమ్ తరగతి చేయించి చూస్తే, ఏడుగురికి లోపలి వేడి 103 డిగ్రీలు దాటింది, ఒకరికి 104 పైకి వెళ్ళింది. 104 దాటి మనిషి తికమకపడితే దాన్నే మనం వడదెబ్బ అంటాం. వాళ్ళెవరికీ ఏమీ కాలేదు, ఆరోగ్యవంతులు, అలవాటున్నవాళ్ళు. మరో అధ్యయనం టెక్సాస్‌లో జరిగి 2018లో అచ్చయింది. నడివయసు వాళ్ళను విడగొట్టి, కొందరి చేత వేడి గదిలో, కొందరి చేత మామూలు గదిలో, అవే ఆసనాలు పన్నెండు వారాలు చేయించారు. రక్తనాళాల గుణం రెండు జట్లలోనూ మెరుగుపడింది. అంటే మేలు చేసింది ఆసనాలు. వేడి అదనంగా ఇచ్చింది పెద్దగా కనబడలేదు. నాకు ఆ వ్యాసం దొరికింది మూడవ స్టూడియో అనుభవం తరువాత. ముందే దొరికినా వెళ్ళేవాణ్ణేమో, చెప్పలేను.

మూడవచోటికి మా వియ్యంకుడుగారు కూడా వచ్చారు. ఆయన నాకంటే రెండేళ్ళు చిన్న, బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. “బావగారూ, మీరు డాక్టరు, మీరుంటే నాకేం భయం” అన్నారు. తలుపు దగ్గర ఒక అమ్మాయి మా ఇద్దరికీ చెరొక కాగితం ఇచ్చింది. గుండె జబ్బు ఉందా, రక్తపోటు ఉందా, మందులేమైనా వాడుతున్నారా అని ప్రశ్నలు. వియ్యంకుడుగారు శ్రద్ధగా తన మందులన్నీ వ్రాశారు. ఆ అమ్మాయి చదివి, ‘మీ డాక్టరును అడిగి రండి, ఈ రోజు వెనుక వరుసలో తలుపు పక్కన కూర్చుని చూడండి’ అని చెప్పింది. ఆయన బుద్ధిమంతుడిలా కూర్చున్నారు.

నేను మాత్రం అన్నిటికీ ‘లేదు’ అని గీతలు పెట్టాను.

నాకు పదిహేనేళ్ళుగా రక్తపోటు ఉంది. రోజూ పొద్దున టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటాను. రెండోది మూత్రం ద్వారా ఉప్పునూ నీటినీ పంపించే మందు. పైగా ముందురోజు ముక్కోటి ఏకాదశి, అరోరా బాలాజీ గుడికి వెళ్ళి వచ్చాం, మా ఆవిడతో పాటు ఉపవాసం. ఆ పొద్దున కాఫీ తప్ప ఏమీ తినలేదు. ఇవన్నీ తెలిసి కూడా ఎందుకు అబద్ధం వ్రాశానంటే, ఇరవై ఏళ్ళ పిల్ల చేత ‘తాతగారూ, మీరు కూర్చోండి’ అనిపించుకోవడం ఇష్టం లేక. నా దగ్గరికి వచ్చిన రోగులు చుట్ట తాగుతూ ‘మానేశానండీ’ అని అబద్ధం చెబితే ఎంత కోప్పడేవాణ్ణో!

అక్కడ వేడి రెండవచోటంత లేదు. కానీ ఆసనం నుంచి ఆసనానికి వేగంగా మారాలి. పాట హోరు. నలభై నిమిషాలు నెట్టుకొచ్చాను. ముందుకు వంగి పాదాలు పట్టుకుని, ఒక్కసారిగా లేచి చేతులు పైకెత్తేసరికి అద్దంలో నా బొమ్మ అంచుల నుంచి నల్లబడటం మొదలైంది. ఏం జరుగుతున్నదో నాకు స్పష్టంగా తెలుసు. చర్మంలోని నాళాలన్నీ వేడికి విచ్చుకుని రక్తం అక్కడ చేరింది, మాత్ర వల్ల, ఉపవాసం వల్ల, చెమట వల్ల ఉన్న రక్తమూ తగ్గింది, లేచి నిలబడగానే తలకు చేరవలసింది చేరలేదు. పాఠం ఒప్పజెప్పగలను. కాళ్ళు మాత్రం నిలబడటం లేదు. వెనుక నుంచి వియ్యంకుడుగారు “అమ్మా, ఆయన్ని పట్టుకో!” అని తెలుగులోనే కేక వేశారు. ఆ అమ్మాయికి భాష తెలియకపోయినా సంగతి తెలిసింది. పడకముందే పట్టుకుని పడుకోబెట్టి, కాళ్ళు పైకెత్తి పెట్టి, తలుపు బార్లా తెరిచి, తడిగుడ్డ మెడ మీద వేసింది. చాలా చక్కగా చేసింది. రెండు నిమిషాలకు వెలుగు వచ్చింది. ఇంటికి వచ్చాక చూసుకుంటే రక్తపోటు 94/60.

“కాగితంలో ఏం వ్రాశారు బావగారూ?” అని దారిలో అడిగారాయన. నేను సమాధానం చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. 2003 మే నెల గుర్తుకు వచ్చింది. ఆ ఏడు మన రాష్ట్రంలో వడగాడ్పులకు వందల సంఖ్యలో జనం పోయారు. నేను దివిసీమ వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్నాను. కాలువలు కట్టేసిన రోజులు, పూడిక తీసే పనులు జరుగుతున్నాయి. మధ్యాహ్నం రెండు గంటలకు ఒక కూలీని రిక్షా బండి మీద వేసుకుని తెచ్చారు. యాభై ఐదేళ్ళుంటాయి. స్పృహ లేదు, ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. థర్మామీటరులో పాదరసం చివరి గీత దాటిపోయింది. పక్క కొట్టులో చేపల కోసం తెచ్చిన ఐసు గడ్డలు పగలగొట్టించి చంకల్లో, గజ్జల్లో పెట్టాం. తడి దుప్పటి కప్పి విసిరాం. సెలైను ఎక్కించాం. బందరు పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళే దారిలో చనిపోయాడు.

అతని భార్య కొంగు ముడి విప్పి చీటీ ఒకటి చూపించింది. ‘రోజూ మాత్ర వేసుకుంటూనే ఉన్నాడయ్యా, ఒక్క పూట కూడా మానలేదు’ అన్నది. చీటీ మీద సంతకం నాది. ఫిబ్రవరిలో రక్తపోటుకు నేనే వ్రాసిన హైడ్రోక్లోరోథయజైడ్. వ్రాయడం తప్పు కాదు, అది మంచి మందు, ఇప్పటికీ వాడుతున్నాం. కానీ ఎండాకాలం వస్తున్నది, నువ్వేం పని చేస్తావు, ఎండలో ఎన్ని గంటలుంటావు అని నేను అడగలేదు. ఆ మాత్ర లేకపోతే బతికేవాడా? ఆ రోజు ఎండకు మాత్రలు లేనివాళ్ళు కూడా పోయారు. ఆ లెక్క ఎవరూ తేల్చలేరు. నేను అడగలేదన్నది మాత్రం ఖాయం. ఈ సంగతి ఇప్పటిదాకా మా ఇంట్లో కూడా చెప్పలేదు.

విజయవాడలోనో హైదరాబాదులోనో వేడి యోగాలో చేరవచ్చా అని కొందరు పాఠకులు అడుగుతుంటారు. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ళవారు, నీళ్ళు తాగుతూ, తల తిరిగితే బయటికి వచ్చే స్వేచ్ఛ ఉన్నచోట, సరదాగా చేయాలంటే చేయండి. శరీరం వేడికి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది కాబట్టి మొదటి రోజే తొంభై నిమిషాలు పూర్తి చేయాలని పంతం పట్టవద్దు. గర్భిణులు, గుండె జబ్బువారు, ఒకసారి వడదెబ్బ తిన్నవారు వెళ్ళకండి. అరవై దాటినవారికి దాహం ఆలస్యంగా తెలుస్తుంది, చెమటా తక్కువ పడుతుంది. మామూలు గదిలోనే చేసుకోండి. ఆ మేలులో లోటేమీ ఉండదని పైన చెప్పిన అధ్యయనం ఉండనే ఉంది.

వేడి యోగా జోలికి పోనివారికి కూడా ఈ మందుల సంగతి వర్తిస్తుంది, ఎందుకంటే మేలో మన ఊళ్ళన్నీ స్టూడియోలే. పేరు చివర ‘హెచ్’ అక్షరం ఉన్న రక్తపోటు మాత్రలలో చాలావాటిలో మూత్రం పంపించే మందు కలిసి ఉంటుంది. ఫ్రూసెమైడ్ అంతే. షుగరుకు ఇప్పుడు విరివిగా ఇస్తున్న డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ చక్కెరతో పాటు నీటినీ బయటికి పంపుతాయి. గుండె వేగం తగ్గించే అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటివి వాడేవారికి వేడికి తగ్గట్టు గుండె పుంజుకోలేదు. కొన్ని జలుబు మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు చెమటనే ఆపుతాయి. ఇన్సులిన్ తీసుకునేవారికి ఒళ్ళు వేడెక్కితే మందు త్వరగా రక్తంలో కలిసి చక్కెర పడిపోవచ్చు. దయచేసి ఇది చదివి ఎవరూ మాత్రలు మానేయకండి. మానేస్తే పక్షవాతం ఎదురు చూస్తుంటుంది. ఏప్రిల్ మొదటి వారంలో ఆ చీటీ పట్టుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్ళి, ‘ఎండాకాలానికి ఈ మోతాదు ఇట్లాగే ఉంచాలా?’ అని అడగండి. నా మాత్ర విషయంలో నేనూ అడిగాను. మా డాక్టరు, నా దగ్గర హౌస్ సర్జన్‌గా పనిచేసిన కుర్రవాడే, మందు మార్చి వ్రాసి, “ఇంతకాలం మీరెందుకు అడగలేదు సార్?” అన్నాడు.

ఎవరైనా ఎండలో పడిపోయి, మాట తడబడుతూ, ఒళ్ళు కాలిపోతుంటే, ఆసుపత్రికి తరలించే ముందే చల్లబరచడం మొదలుపెట్టండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, నీళ్ళు గుమ్మరించి, విసరండి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకండి. పారాసెటమాల్ దీనికి పనిచేయదు, ఇది ఆ జ్వరం కాదు.

తిరిగి కూచిపూడి వచ్చాను. ఇప్పుడు తెల్లవారుజామున ఐదు గంటలకు అరుగు మీద చాప పరుచుకుని ఆసనాలు వేస్తున్నాను. ఆ వేళకే నాట్యం నేర్చుకునే పిల్లల తట్టుకర్ర చప్పుడు వినిపిస్తుంది. ఎండ ముదరకముందే వాళ్ళ సాధన అయిపోతుంది. పళ్ళెం అంచు మీద నిలబడి తరంగం ఆడే ఆ పిల్లల మోకాళ్ళ వంక అసూయగా చూస్తుంటాను.

మొన్న మే మొదటివారంలో మా పొలం కౌలుకు చేసే అతను మాత్రల అట్ట పట్టుకుని వచ్చాడు, కొట్టువాడు పేరు మార్చి ఇచ్చాడు, ఇదీ అదీ ఒకటేనా అని. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. చివర ‘హెచ్’ ఉంది.

“రెండూ ఒకటేలే. పొద్దున ఎన్నింటికి పనిలోకి దిగుతావు?” అన్నాను.

“ఎనిమిదింటికండీ.”

“వచ్చేదెప్పుడు?”

“పని అయినప్పుడు” అని నవ్వాడు. అరుగు మీద కూర్చోబెట్టి, మా ఆవిణ్ణి మజ్జిగ తెమ్మని, రక్తపోటు యంత్రం కోసం లోపలికి వెళ్ళాను.